చుక్కికి తోడు

మన పత్రికలో నెలనెలా ఎవరో ఒకరు తమ ఇంటి సంగతి రాస్తుంటారు. కొడుకు పరీక్ష పాసైన సంగతి, కూతురి పెళ్ళి అప్పు తీర్చిన సంగతి, మిల్లులో వేలు నలిగిన సంగతి. అన్నీ చదివేదాన్ని గానీ నేను కూడా రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నాది అంత పెద్ద సంగతేం కాదు. మా ఇంట్లో ఉన్న ఒక గినీ పిగ్ గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మొదట మా లైనులో వాళ్ళందరూ నవ్వినారు.

మాది బళ్ళారిలో మిల్లు లైను ఇల్లు. ముందు ఒక గది, వెనక వంటిల్లు, బయట రేకుల వసారా. మా ఆయన స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేము మీద పనిచేస్తాడు. మూడు షిఫ్టులు మారుతుంటాయి. నేను ఇంటి దగ్గరే జీన్సు ప్యాంట్లకు దారాలు కత్తిరించే పని చేస్తాను. ఒక్కతే కూతురు, ఐదో తరగతి. మా అత్త కూడా మాతోనే ఉంటాది. మా మామ పోయిన తర్వాత ఆదోని దగ్గర ఊరిలో ఒక్కతే ఎందుకని పిలుచుకొచ్చినాము.

రెండేళ్ళ కిందట మా బావగారి కొడుకు బెంగళూరు రూము ఖాళీ చేసి వేరే ఊరికి ఉద్యోగానికి పోతూ ఒక అట్టపెట్టె తెచ్చి మా పాప ముందర పెట్టినాడు. అందులో రెండు గినీ పిగ్గులు. రెండూ ఆడవే. ఒకటి తెల్లగా ఉంటే తెల్లి అని, ఇంకోటి నల్లగా ఉండి నుదుట తెల్లమచ్చ ఉంటే చుక్కి అని పాపే పేర్లు పెట్టింది. మా అత్త తొంగి చూసి, "ఇదేమే, తోక లేని పందికొక్కు!" అనింది.

పేరులో పిగ్ ఉంది గానీ ఇది పంది కాదు. ఎలుక, ఉడుత జాతికి దగ్గరది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో మనుషులు వేల ఏళ్ళ కిందటే దీన్ని మచ్చిక చేసుకున్నారు. పెరూ దేశంలో మనం నాటుకోళ్ళను పెంచినట్టు ఇప్పటికీ ఇళ్ళల్లో కూరకు పెంచుతారు. మనకు మాత్రం ఈ పేరు తెలిసింది ప్రయోగాల వల్ల. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టినప్పుడు ఈ జంతువుల మీదే పరీక్షలు చేసినాడు. 1907లో నార్వేలో ఇద్దరు డాక్టర్లు వీటికి ఉత్త ధాన్యం మాత్రమే పెట్టి చూస్తే, ఓడ మీద నావికులకు వచ్చే చిగుళ్ళ జబ్బు వీటికీ వచ్చింది. మనుషుల మాదిరే వీటి ఒంట్లో కూడా సి విటమిన్ తయారు కాదు, రోజూ తిండిలోనే అందాలి. అందుకే మేము గరికతో పాటు కొత్తిమీర కాడలు, క్యాప్సికం ముక్క, దొరికినప్పుడు చిన్న జామముక్క పెడతాము.

మిల్లుకు మిషను సామాన్లు వచ్చిన చెక్కపెట్టె ఒకటి అడిగి తెచ్చి మా ఆయన గూడు చేసినాడు. అడుగున మెత్తగా ఉండాలని వేస్టు దూది తెచ్చి పరిచినాడు. మన ఇళ్ళల్లో దిండ్లకైనా దీపం వత్తులకైనా దూదికి కరువా! బావగారి కొడుకు ఫోనులో అది విని, "చిన్నాయనా, దూది తీసేయండి, నమిలి మింగితే కడుపులో ఉండ కట్టుకుంటాది" అన్నాడు. అప్పటినుంచి ఎండుగడ్డి, దాని కింద పాత గుడ్డ. వీటి పళ్ళు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయంట. రోజంతా గడ్డి నమిలితేనే అరుగుతాయి. పాప సాయంత్రం బడి నుంచి వస్తూ కాలవగట్టు దగ్గర గరిక కోసుకొచ్చేది. దాని సంచి చప్పుడు వినబడితే చాలు, రెండూ ముందరి కాళ్ళు ఎత్తి నిలబడి "కుయ్ కుయ్"మని లైనంతా వినబడేట్టు అరిచేవి. సంతోషం ఎక్కువైతే ఉన్నచోటే పెనంలో పేలాలు ఎగిరినట్టు ఎగిరేవి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే మా ఆయన, "మిల్లులో ఆ మోత, ఇంట్లో ఈ మోత" అని తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే లేచి రెండు కొత్తిమీర కాడలు వేసి మళ్ళీ పడుకునేవాడు.

ఇక చెప్పాల్సిన సంగతికి వస్తాను.

పోయిన మే నెలలో పాప సెలవులకని ఆలూరు పక్క మా పుట్టింటికి పోయింది. బళ్ళారి ఎండ మీకు చెప్పేపని లేదు. నలభై దాటితే రేకుల కింద మనుషులమే ఉండలేము. రోజూ పొద్దున పది కాకముందే గూడు లోపలికి లాగి నాపరాయి బండ మీద పెట్టి, కిటికీకి తడి గోనెసంచి కట్టేదాన్ని. ఆ రోజు జీన్సు మూటలు సాయంత్రంలోగా ఇచ్చేయమని కబురొచ్చింది. కత్తిరించినవి నెత్తిన పెట్టుకుని ఇచ్చి వద్దామని పోయినాను. అక్కడ లెక్క తేలక రెండు గంటలు కూర్చోబెట్టినారు. గూడు వసారాలోనే ఉండిపోయింది. మా అత్త లోపల నిద్రపోతోంది. ఆమెకు చెప్పి పోలేదు నేను.

వచ్చేసరికి మూడు కావస్తోంది. తెల్లి కాళ్ళు చాపి పక్కకు పడి ఉంది. నోటి దగ్గర తడి. చుక్కి మూలన ఒదిగి, డొక్కలు ఎగరేస్తూ ఉంది. తడిగుడ్డతో తుడిచినాను, నీళ్ళు తాపినాను. చుక్కి బతికింది. తెల్లి బతకలేదు. వీటికి మనలాగా చెమట పట్టదు, ఎండ దెబ్బను అసలు తట్టుకోలేవు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ జరిగింది.

మా ఆయన సాయంత్రం వేపచెట్టు మొదట్లో గుంత తీసి పూడ్చినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పాపకు ఫోను చేస్తే, "తెల్లికి జబ్బు చేసిందమ్మా, పోయింది" అని చెప్పినాను. అటు పక్క కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "చుక్కి?" అని అడిగింది. "బాగుంది" అన్నాను.

చుక్కి బాగలేదు. మొదటి రెండు రోజులు ఎండ దెబ్బ వల్లనేమో అనుకున్నాను. తర్వాత కూడా గరిక వేస్తే నాలుగు పోచలు తిని వదిలేసేది. పాప వచ్చి సంచి చప్పుడు చేసినా అరవలేదు. గూట్లో తెల్లి పడుకునే మూల ఖాళీగా ఉంటే ఇది ఈ మూలన గోడకు ముఖం పెట్టి కూర్చునేది. పాప దాన్ని కిరాణా అంగడికి తీసుకుపోయి కాటాలో తూపించింది. ముందు తొమ్మిది వందల గ్రాములు ఉండేది, ఏడు వందల ఎనభైకి దిగింది.

ఒకరోజు అసలు ఏమీ ముట్టలేదు. మా ఆయన అలమారలో నుంచి ఒక క్యాప్సూల్ తీసినాడు. చలికాలంలో ఆయనకు దగ్గు వస్తే ఇచ్చినవాటిలో మిగిలింది. "మూడో వంతు పొడి నీళ్ళలో కలిపి పోద్దాం, మనిషికి పనిచేసేది దీనికి పనిచేయదా" అన్నాడు. నేను చంచా కూడా తెచ్చినాను. మా అత్త అడ్డం పడింది. "గొడ్డుకైనా డాక్టరుకు చూపించే కదా మందు పోసేది" అనింది. ఆ మాటతో పశువుల ఆసుపత్రికి పోయినాము.

అక్కడ డాక్టరు ఎద్దులు, గొర్రెలు, కుక్కలు చూసేవాడు. అట్టపెట్టెలో చుక్కిని చూసి, "నేను వీటిని ఎక్కువ చూడలేదమ్మా" అని నిజం చెప్పినాడు. అక్కడే కూర్చుని బెంగళూరులో తనతో చదివిన డాక్టరుకు ఫోను కలిపి అన్నీ అడిగినాడు. క్యాప్సూల్ సంగతి చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. అది అమాక్సిసిలిన్. పెన్సిలిన్ జాతి మందు. గినీ పిగ్గుల కడుపులో గడ్డిని అరిగించే మంచి సూక్ష్మజీవులను అది చంపేస్తుంది, ఆ దెబ్బకు జంతువే చచ్చిపోతుంది. మా అత్త ఆ మాట అనకపోయుంటే రెండోదాన్ని కూడా నా చేతులతోనే చంపుకునేదాన్ని.

పళ్ళు చూసినాడు, కడుపు నొక్కి చూసినాడు. జబ్బేమీ కనపడలేదన్నాడు. ఒక రోజంతా తినకుంటే వీటి పేగులు ఆగిపోతాయని, సూది తీసేసిన సిరంజితో పెల్లెట్లు నానబెట్టిన జావ రెండు మూడు గంటలకోసారి పట్టమన్నాడు. చివరికి ఒక మాట చెప్పినాడు. "ఇవి మందలో బతికే జంతువులమ్మా. ఒకటి అరిస్తే ఇంకోటి పలకాలి. స్విట్జర్లాండులో 2008లో చట్టమే చేసినారంట, గినీ పిగ్‌ను ఒక్కదాన్నే పెంచకూడదని. దీనికి తోడు కావాల."

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా అత్త చుక్కి వైపు చూస్తూ, "పలికేవాళ్ళు లేకుంటే నోరెందుకు తెరుస్తాది" అనింది. ఆమె మా ఇంటికి వచ్చిన కొత్తలో ఎట్లుండేదో నాకు గుర్తొచ్చింది. పెట్టింది తినేది, అడిగితే జవాబు చెప్పేది, అంతే. నేను దాన్ని నెమ్మది అనుకున్నాను.

మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన లెక్క ఆయనది. "ఇప్పుడు ఇంకోటి తెస్తాము. రేపు చుక్కి పోతే అది ఒంటరిదవుతుంది. దానికి ఇంకోటి. ఎన్నాళ్ళు?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వీటి ఆయుస్సు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. చుక్కికి అప్పటికి మూడేళ్ళు.

అందరికన్నా గట్టిగా వద్దన్నది పాప. నేను ఆశ్చర్యపోయినాను. "తెల్లికి జబ్బు చేసింది కదమ్మా. ఆ జబ్బు గూట్లోనే ఉంటాది. చుక్కికి కూడా పట్టింది, అందుకే తినడం లేదు. కొత్తది వస్తే దానికీ పడుతుంది. ఊరికే తెచ్చి చంపుదామా?" అనింది. ఏడుపు ఆపుకుంటూ అడిగింది. నేను చెప్పిన అబద్ధాన్ని అది అంత నమ్మింది. గూడును రోజూ డెట్టాల్ వేసి ఎందుకు తుడుస్తోందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఆయన షిఫ్టుకు పోయినాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినాను. "జబ్బు కాదమ్మా. నేనే ఎండలో వదిలేసి పోయినా. తెల్లి నా వల్ల పోయింది. నీకు భయపడి అబద్ధం చెప్పినా." మా అత్త మంచం మీద నుంచి, "నేనూ ఇంట్లోనే ఉంటిని. నాకూ మెలకువ రాలేదు" అనింది. పాప ఏమీ అనలేదు. అటు తిరిగి పడుకుంది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున గోనెసంచి తడిపి కిటికీకి తనే కట్టింది. "ఇంక ఇది నా పని. నువ్వు ముట్టుకోవద్దు" అనింది. సాయంత్రం వాళ్ళ నాయన దగ్గరకు పోయి, "జబ్బు లేదంట నాయనా. తోడు తెద్దాం" అనింది.

జూన్ నెల జీతం వచ్చినాక టౌనులో పెంపుడు జంతువుల అంగడికి పోయినాము. ఆడదే కావాలని పదిసార్లు చెప్పినాము. "ఆడదే తీసుకోండి" అని గోధుమరంగు పిల్లను ఇచ్చినాడు. ఆరు వందలు. పాప దానికి బెల్లం అని పేరు పెట్టేసింది.

డాక్టరు ముందే చెప్పినాడు, కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో పెట్టాలని. అంగడిలో దానికి జలుబో, గజ్జో, తామరో అంటి ఉంటే ఆ లోపల బయటపడుతుంది. మాకు వేరే గది ఎక్కడిది? ఎదురింటి కన్నడక్క, "నా ఇంట్లో పెట్టండి" అనింది. ఆ అక్కకు తెలుగు వస్తుంది, నాకు కన్నడం వస్తుంది, ఇద్దరం రెండూ కలిపి మాట్లాడుకుంటాము. చుక్కిని చూసినప్పుడల్లా ఆమె "పాప, పాప" అనేది. కన్నడంలో పాప అంటే అయ్యో పాపం అని. మా పాప తననే పిలుస్తోందనుకుని ఉరికి పోయేది.

పదిహేను రోజులకు రెండింటినీ చూపించడానికి తీసుకుపోతే డాక్టరు బెల్లాన్ని తిప్పి చూసి, "ఇది మగది" అన్నాడు. నాకు గుండె జారింది. ఆయన విడమర్చి చెప్పినాడు. ఆడ గినీ పిగ్ ఏడెనిమిది నెలల వయసు లోపల మొదటి కాన్పు కాకపోతే తుంటి ఎముకల మధ్య కీలు బిగుసుకుపోతుంది. తర్వాత కడుపు నిలిస్తే పిల్ల బయటికి రాదు. వీటి పిల్లలు చిన్నవి కూడా కాదు, రెండు నెలలకు పైగా కడుపులో పెరిగి ఒంటినిండా వెంట్రుకలతో, కళ్ళు తెరుచుకుని పుడతాయి. మూడేళ్ళ చుక్కికి కడుపు వస్తే తల్లీ పిల్లలూ అందరూ పోయేవాళ్ళే. మగదానికి ఆపరేషన్ చేసి పెట్టవచ్చు గానీ ఇంత చిన్న ప్రాణికి చేసేవాళ్ళు ఇక్కడ లేరు, బెంగళూరు పోవాలి.

వేరు పెట్టమన్న ఆ పదిహేను రోజులే చుక్కిని కాపాడినాయి. ఓపిక లేక మొదటి రోజే ఒక్క గూట్లో వేసుంటే ఏమయ్యేదో!

అంగడివాడు మొదట వెనక్కి తీసుకోనన్నాడు. మా ఆయన ఉదయం షిఫ్టు దిగి ఒంటికి దూది పొట్టు అంటుకుని ఉండగానే పోయి అక్కడ నిలబడినాడు. గొడవ చేయలేదు, కదలలేదు. గంట తర్వాత వాడే దిగొచ్చి, రెండు వందలు ఎక్కువ ఇస్తే వేరేది ఇస్తానన్నాడు. "డాక్టరు చూసి ఆడది అన్నాకే డబ్బులు" అన్నాడు మా ఆయన. అట్లనే చేసినాడు. పాప మాత్రం బెల్లాన్ని వదిలి వచ్చేటప్పుడు ఏడ్చింది. నాకూ కష్టంగానే ఉండింది. పేరు పెట్టి పదిహేను రోజులు మేపినాము. దాని గతి ఏమయిందో ఇప్పటికీ పాప అడుగుతుంది.

ఈసారి వచ్చింది తెల్ల, గోధుమ మచ్చల ఆడపిల్ల. మల్లి. మళ్ళీ మూడు వారాలు కన్నడక్క ఇంట్లో. ఆ మధ్యలో మా అత్త ఒక పని చేసింది. మల్లి పడుకున్న గుడ్డ తెచ్చి చుక్కి గూట్లో, చుక్కి గుడ్డ తీసుకుపోయి మల్లి దగ్గర వేసేది. ఎవరూ చెప్పలేదు. "ఈత కొత్తలో మేకకు వేరే పిల్లను అలవాటు చేసేటప్పుడు వాసన కలిపేవాళ్ళము" అనింది. డాక్టరుకు చెప్తే సరిగ్గా అదే చేయాలన్నాడు.

జూలైలో ఒక ఆదివారం. మా ఆయనకు సెలవు. ఆయనకు తొందర. "మూడు వారాలయింది కదా" అని మల్లిని ఎత్తుకొచ్చి నేరుగా చుక్కి గూట్లో దింపినాడు. అంతవరకూ నీరసంగా ఉన్న చుక్కి ఒళ్ళంతా వెంట్రుకలు లేపి, పళ్ళు కటకటమని కొట్టుకుంటూ దాని మీదికి దూకింది. మల్లి మూలకు పోయి ఇరుక్కుంది, పారిపోవడానికి దారి లేదు. మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. వేలు మీద పంటిగాటు, రక్తం. మిల్లు డిస్పెన్సరీలో ధనుర్వాతం సూది వేయించుకొచ్చినాము. తప్పు చుక్కిది కాదు. అది దాని ఇల్లు. చెప్పాపెట్టకుండా ఇంకొకరిని తెచ్చి పడేస్తే ఎవరైనా అట్లనే చేస్తారు.

మా ఆయన ఆ రాత్రి అన్నం ముందర కూర్చుని, "దారం తెగితే అతకడానికి కొత్త పిల్లలు గట్టిగా నులిమేస్తారు. అట్ల చేస్తే మళ్ళీ తెగుతుంది. ఊరికే తాకించి వదిలితే తిరిగే దారమే దాన్ని కలుపుకుంటాది. ఇన్నేళ్ళు చేస్తున్నా, ఇంట్లో మర్చిపోయినా" అన్నాడు.

రెండు రోజులు ఆగి మళ్ళీ ప్రయత్నించినాము. ఈసారి డాక్టరు చెప్పినట్టే. చోటు కన్నడక్క వాళ్ళ వసారా. చుక్కి ఎప్పుడూ పోని చోటు, మల్లిని కూడా ఎప్పుడూ దింపని చోటు. నేల కడిగి పాత దుప్పటి పరిచినాము. అట్టపెట్టెలు మూడు బోర్లించి ఒక్కోదానికి రెండు వాకిళ్ళు కోసినాము. ఒకటి లోపలికి వస్తే ఇంకోటి ఇంకో వాకిట్లోంచి పోవాలి, ఎవరూ మూలన ఇరుక్కోకూడదు. నీళ్ళ సీసాలు రెండు, తిండి గిన్నెలు రెండు. మధ్యలో పాప కోసుకొచ్చిన గరిక కుప్ప. వానలు పడి గరిక పచ్చగా ఉండింది. చేతులు పెట్టకుండా విడదీయడానికి మందపు తువాలు, ఒక అట్ట పక్కన పెట్టుకున్నాము.

రెండింటినీ ఒకేసారి రెండు పక్కల దింపినాము. మొదట రెండూ గరిక తినడం మొదలుపెట్టినాయి, ఒకదాన్నొకటి చూడనట్టే. తర్వాత చుక్కి పోయి మల్లి వెనక వాసన చూసింది. మల్లి ఉరికింది. చుక్కి వెంటపడింది. నడుం ఊపుకుంటూ "గుర్ర్"మని ఫ్రేము తిరిగినట్టు చప్పుడు చేసింది. మీదికెక్కింది. గడ్డం పైకెత్తింది. పాప భయపడి తువాలు పట్టుకుంటే నేను ఆపినాను. వెంటపడటం, గుర్రుమనడం, మీదికెక్కడం ఇవన్నీ పెద్దరికం తేల్చుకోవడమంట. రెండూ ఎదురెదురుగా లేచి నిలబడి పళ్ళు కొరుకుతూ దూకితే, రక్తం వస్తే, అప్పుడే విడదీయాలి. ఊరికే మధ్యలో విడదీస్తే మళ్ళీ మొదటినుంచి తేల్చుకోవాలి.

మూడు గంటలు అట్లనే కూర్చున్నాము. లైనులో పిల్లలందరూ చుట్టూ చేరినారు. కన్నడక్క ఉగ్గాని చేసి తెచ్చింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చుక్కి ఒకసారి మల్లి వెంట్రుకలు నాలుగు పీకింది. రెండుసార్లు పళ్ళు కొరికింది. మల్లి ప్రతిసారీ చిన్నగా కీచుమని తల దించి పక్కకు జరిగింది. అట్ల జరిగి జరిగి, మధ్యాహ్నం దాటినాక చుక్కి ఒక పెట్టె కింద దూరింది. కాసేపటికి మల్లి రెండో వాకిట్లోంచి మెల్లగా దూరింది. అందరం ఊపిరి బిగబట్టినాము. లోపల గుర్రుమని ఒక్కసారి వినబడింది. తర్వాత ఏమీ లేదు. పాప నేల మీద బోర్లా పడుకుని తొంగి చూసి, "రెండూ పడుకున్నాయి. జానెడు దూరం ఉంది" అని గుసగుసగా చెప్పింది.

ఆ లోపల మా ఆయన గూడు మొత్తం కడిగి, ఎండబెట్టి, గడ్డి మార్చి, సామాన్ల చోటు మార్చి పెట్టినాడు. పాత వాసన ఉంటే చుక్కి మళ్ళీ ఇది నాది అంటుంది కదా. సాయంత్రం రెండింటినీ ఒకేసారి అందులోకి దింపినాము. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. చిన్న చప్పుడైతే నలుగురమూ లేచి కూర్చున్నాము. మా అత్త అయితే మంచం గూడు పక్కకే లాగించుకుంది.

నాలుగో రోజు సాయంత్రం. నేను ప్యాంట్ల దారాలు కత్తిరిస్తున్నాను. పాప బడి నుంచి వచ్చి వాకిట్లో సంచి కింద పెట్టింది. మల్లికి ఆ చప్పుడు ఇంకా అలవాటు లేదు. అరిచింది చుక్కి. "కుయ్" అని ఒక్కసారి, గొంతు బొంగురుపోయినట్టు. తర్వాత ఇంకోసారి గట్టిగా. దాన్ని చూసి మల్లి కూడా మొదలుపెట్టింది. రాత్రి షిఫ్టు చేసొచ్చి నిద్రపోతున్న మా ఆయన లేచి కూర్చుని, "మొదలైందిరా నాయనా" అన్నాడు. పాప నా వైపు చూసి నవ్వింది. మే నెల తర్వాత నన్ను చూసి అది అట్ల నవ్వడం అదే మొదలు.

నెలకు తూపిస్తే చుక్కి ఎనిమిది వందల అరవైకి వచ్చింది. అవి రెండూ ప్రాణస్నేహితులైపోయాయని చెప్పను. ఇప్పటికీ క్యాప్సికం ముక్క చుక్కే ముందు లాక్కుంటుంది. ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవు, ఆ జానెడు దూరం అట్లనే ఉంది. కానీ ఒకటి లేస్తే ఇంకోటి లేస్తుంది. ఒకటి నములుతుంటే ఇంకోటి వచ్చి నములుతుంది. మా అత్త పగలంతా ఆ రెండింటికీ ఊరి కథలు చెప్తూ ఉంటుంది. నేను దారాలు కత్తిరిస్తూ వింటాను. నాకు ఇన్నేళ్ళుగా చెప్పని సంగతులు ఎన్నో అట్ల తెలిసినాయి.

మా ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు లేదు. చుక్కి పెద్దది, ముందు పోతుంది. అప్పుడు మల్లి? పాపను అడిగితే, "అప్పుడు చూద్దాం. ఎట్ల కలపాలో ఇప్పుడు మనకు తెలుసు కదా" అంటోంది.

మన లైన్లలో పిల్లల కోసం కుందేలో, చిలకో, ఇట్లాంటిదో తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. మేము డబ్బులు పోగొట్టుకుని, ఒక ప్రాణం పోగొట్టుకుని నేర్చుకున్నవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. గినీ పిగ్‌ను తెస్తే ఒక్కదాన్నే తేవద్దు, స్తోమత లేకుంటే అసలు తేవద్దు. ఆడా మగా అన్నది అంగడివాడి మాట మీద నమ్మవద్దు, డాక్టరుకు చూపించండి. కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరు పెట్టండి. కలిపేది ఇద్దరికీ కొత్త చోటులో, రెండు వాకిళ్ళ పెట్టెలతో, పొద్దున్నే మొదలుపెట్టండి. ఇంట్లో మిగిలిన మనుషుల మందు ఎంత చిన్న ముక్కైనా పోయవద్దు. తినడం మానేస్తే రేపు చూద్దామని ఆగవద్దు. బళ్ళారి ఎండలో రేకుల కింద ఒక్క గంట కూడా వదలవద్దు.

ఇంకొకటి. ఏదైనా తప్పు జరిగితే పిల్లలకు నిజమే చెప్పండి. నేను చెప్పడానికి నెల రోజులు పట్టింది. ఆ నెల రోజులూ నా బిడ్డ లేని జబ్బును డెట్టాలుతో కడుగుతూ కూర్చుంది.